గర్భంలో ఎదుగుదల తగ్గి పుట్టిన పాప – పోతపాలు కలపాలా? ఎంత పెరిగితే చాలు? (బెంగళూరు తెలుగు తల్లిదండ్రులు › శిశు ఆరోగ్యం)

అనంతపురం_నుంచి · జనవరి 6, ఉదయం 7:10

ఆడపిల్ల. 38 వారాలకు పుట్టింది. పుట్టినప్పుడు బరువు 2,000 గ్రాములు, పొడవు 47 సెం.మీ., తల చుట్టుకొలత 33 సెం.మీ. డిశ్చార్జి కాగితంలో "ఎఫ్‌జీఆర్ (గర్భంలో ఎదుగుదల తగ్గడం), అసిమెట్రికల్" అని రాశారు. పదో రోజుకు పుట్టినప్పటి బరువుకు వచ్చింది. ఇప్పుడు సరిగ్గా 8 వారాలు. బరువు 3,600, పొడవు 54, తల 37.2. తల్లిపాలు మాత్రమే. తాయి కార్డులో (కర్ణాటకలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు) ఉన్న చార్టులో చుక్క ఇంకా అడుగు గీత దగ్గరే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతపాలు మొదలుపెట్టమంటున్నారు. ఇలా పుట్టిన పిల్లలకు పెద్దయ్యాక షుగరు, బీపీ వస్తాయని ఇంకొకరు చెప్పారు. ఎంత పెరగాలి? ఎక్కువ పెరిగితే తప్పా? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

శిశువైద్యం_కెఆర్‌పురం · జనవరి 6, ఉదయం 8:25

మీరు మూడు కొలతలూ ఇచ్చారు కాబట్టి లెక్క చెప్పవచ్చు. చాలామంది బరువు ఒక్కటే రాస్తారు, దానితో ఏమీ తేలదు.

ముందు పుట్టినప్పటి సంగతి. 38 వారాల ఆడపిల్లకు 2,000 అంటే మూడో పర్సెంటైల్ (వందమందిలో ముగ్గురే ఇంతకంటే తక్కువ ఉండే గీత) కంటే కింద. బరువును (గ్రాముల్లో) 100తో గుణించి పొడవు ఘనంతో భాగిస్తే పాండెరల్ ఇండెక్స్ వస్తుంది. 2,00,000ను 1,03,823తో భాగిస్తే 1.93. రెండు కంటే తక్కువ అంటే పొడవుకు తగ్గ కండ, కొవ్వు లేవని అర్థం. తల 33 దాదాపు మామూలే. అంటే మాయ నుంచి ఆహారం చివరి నెలల్లో తగ్గింది, ఉన్నదాన్ని శరీరం మెదడుకు ముందు పంపి, కాలేయాన్నీ కండనూ పస్తు పెట్టింది. అసిమెట్రికల్ అని రాసింది అందుకే. మూడు కొలతలూ ఒకే మోతాదులో తగ్గి ఉంటే కథ వేరు. అప్పుడు మొదటి నెలల్లో వచ్చిన ఇన్ఫెక్షన్, క్రోమోజోముల తేడా లాంటివి వెతకాలి.

ఇప్పటి లెక్క. పదో రోజు నుంచి 46 రోజుల్లో 1,600 గ్రాములు, అంటే రోజుకు దాదాపు 35 గ్రాములు. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే బాగున్నట్టే. మీ పాప అంతకంటే ఎక్కువే పెరుగుతోంది. డబ్ల్యూహెచ్‌వో 2006 చార్టు ప్రకారం పుట్టినప్పుడు బరువు −3 ఎస్‌డీ గీత మీద ఉంది (ఎస్‌డీ అంటే సగటు నుంచి ఎంత దూరమో చెప్పే కొలత; సగటు 0, −2 కింద ఉంటే తక్కువ), ఇప్పుడు −3కీ −2కీ మధ్యకు వచ్చింది. పొడవుకు తగ్గ బరువు చూడండి: 47 సెం.మీ.కి −3 ఎస్‌డీ సుమారు 2.2 కిలోలు, అప్పుడు పాప దానికంటే కింద ఉంది. 54 సెం.మీ.కి −2 ఎస్‌డీ సుమారు 3.6 కిలోలు, ఇప్పుడు సరిగ్గా అక్కడుంది. ఎనిమిది వారాల్లో ఒక గీతకు పైగా ఎక్కింది. చుక్క ఎక్కడుందో కంటే ఎటు పోతోందో చూడాలి. ఈ వేగంలో పోతపాలు కలపడానికి కారణం లేదు.

ఒక్కటి మాత్రం గమనించాలి. పొడవు పుట్టినప్పుడు −1 దగ్గర ఉంటే ఇప్పుడు −1.3 దగ్గర ఉంది. ఇది కొలత తప్పా, నిజమా అన్నది తేలాలి.

ఎన్ఐసీయూ_సిస్టర్ · జనవరి 6, ఉదయం 9:02

పొడవు దగ్గర చాలావరకు కొలత తప్పే ఉంటుందమ్మా. టేపు పట్టి మంచం మీద కొలిస్తే నమ్మొద్దు. ఇన్ఫాంటోమీటర్ చెక్క (బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలిచేది) ఉండాలి, ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు తల నడినెత్తి చెక్కకు ఆనేలా, చూపు నిటారుగా పైకి ఉండేలా పట్టుకోవాలి. రెండోవారు రెండు మోకాళ్లనూ మెల్లగా అదిమి, పాదాలు నిలువుగా ఉంచి కదిలే పలకను ఆనించాలి. ఒక్క కాలు లాగి కొలిస్తే తేడా వస్తుంది. రెండుసార్లు కొలవండి, అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవండి. ఈ వయసులో ఒక ఎస్‌డీ అంటే రెండు సెంటీమీటర్లే. ఒక్క సెంటీమీటరు తప్పు కొలిస్తే చార్టులో సగం గీత దిగిపోయినట్టు కనిపిస్తుంది.

బరువు కూడా అంతే. డయాపర్ లేకుండా, పాలు పట్టకముందు, ప్రతిసారీ అదే తూకం మీద. అమ్మ ఎత్తుకుని పెద్దవాళ్ల మెషీన్ ఎక్కి తీసివేత చేయడం వద్దు. ఆ మెషీన్లు 100 గ్రాముల మెట్టులో చూపిస్తాయి, మూడు రోజుల పెరుగుదల అందులో కనపడదు. రోజూ తూచి కంగారు పడొద్దు, వారానికి ఒకసారి చాలు.

సర్జాపుర_నాన్న · జనవరి 6, ఉదయం 11:40

ఇదే దారిలో నాదీ ఒక ప్రశ్న. 33 వారాలకే పుట్టి, పైగా బరువు తక్కువైన బిడ్డకు ఇవే చార్టులా?

ఎన్ఐసీయూ_సిస్టర్ · జనవరి 6, మధ్యాహ్నం 12:15

కాదు. నెలలు నిండక పుట్టిన బిడ్డకు 50 వారాల దాకా (గర్భం వారాలు, పుట్టాక వారాలు కలిపి) ఫెంటన్ చార్టు, లేదా 64 వారాల దాకా ఇంటర్‌గ్రోత్-21 చార్టు. ఆ తర్వాత డబ్ల్యూహెచ్‌వో చార్టే, కానీ వయసు సవరించి. 33 వారాలకు పుడితే 40లోంచి 33 తీసేసి, ఆ 7 వారాలను వయసులోంచి తగ్గించి చుక్క పెట్టాలి. రెండేళ్లు నిండేదాకా ఇలాగే. 38 వారాల పాపకు సవరణ అక్కర్లేదు. టీకాలకు మాత్రం సవరణ లేదు, పుట్టిన తేదీ నుంచే లెక్క. "బరువు వచ్చాక వేయిద్దాం" అని వాయిదా వేయడం పెద్ద పొరపాటు. తక్కువ బరువు బిడ్డకే ముందు రక్షణ కావాలి. 34 వారాల లోపు లేదా 2,000 గ్రాముల లోపు పుడితే కంటి రెటీనా పరీక్ష కూడా పుట్టిన 30 రోజుల్లోపు అయిపోవాలి.

పాలసలహా · జనవరి 6, మధ్యాహ్నం 2:30

పోతపాల మాట వచ్చింది కాబట్టి తల్లిపాలు చాలుతున్నాయా అని తేల్చుకునే పద్ధతి రాస్తాను.

24 గంటల్లో ఆరుసార్లకు పైగా నీళ్లలాంటి మూత్రం, వారానికి 150 గ్రాములకు తగ్గని పెరుగుదల ఉంటే పాలు అందుతున్నాయి. పాప ఏడుపు, తల్లి రొమ్ము మెత్తబడటం, పిండితే ఎన్ని చుక్కలు వచ్చాయన్నది – ఇవి కొలమానాలు కావు. సన్నగా పుట్టిన బిడ్డల ఇబ్బంది ఒకటుంది. బుగ్గల్లో కొవ్వు పొర పలుచన, కండబలం తక్కువ. పది నిమిషాలు చప్పరించి అలసిపోయి నిద్రపోతారు. తల్లి "కడుపు నిండింది" అనుకుంటుంది. అప్పటికి ముందు పాలే తాగి ఉంటుంది, వెన్న ఎక్కువుండే చివరి పాలు లోపలే మిగిలిపోతాయి.

అందుకని చప్పరించడం తగ్గగానే రొమ్మును అరచేత్తో మెల్లగా నొక్కి పట్టండి, పాలు ధారగా వచ్చి పాప మళ్లీ మింగడం మొదలుపెడుతుంది. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు. అయినా అలసిపోతే మిగిలినవి చేత్తో పిండి తీసి ఉగ్గుగిన్నెతో పట్టండి. ఇక్కడి ఆసుపత్రుల్లో పాలడై అని ఇచ్చేది మన ఉగ్గుగిన్నే. పాప తల కాస్త ఎత్తి, గిన్నె ముక్కును పాప పెదవి అంచున ఆనించి, పాలు నాలుక తాకేదాకా వంచండి, పాపే లాక్కుంటుంది. నోట్లో పోసేస్తే పొలమారుతుంది. సీసా పీక వద్దు. ధార సులువుగా వచ్చే పీక అలవాటైతే రొమ్ము పట్టడం మానేస్తారు.

పిండిన పాలు గది వేడిలో 4 గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో (తలుపులో కాదు) 4 రోజుల దాకా నిలుస్తాయి.

ఇంకో మాట. మూడు కిలోలు దాటేదాకా రాత్రి కూడా మూడు గంటలకు మించి ఖాళీ వదలొద్దు. సిస్టర్ గారు ఎందుకో చెబుతారు.

ఎన్ఐసీయూ_సిస్టర్ · జనవరి 6, సాయంత్రం 5:50

చక్కెర పడిపోతుందని. కాలేయంలో గ్లైకోజన్ (దాచిపెట్టిన చక్కెర) నిల్వ తక్కువ, చర్మం కింద కొవ్వు తక్కువ, మెదడు మాత్రం పెద్దది, దాని వాడకం ఎక్కువ. అందుకే పుట్టిన 2, 6, 12, 24, 48, 72 గంటలకు మడమ గుచ్చి చూస్తాం. డెసిలీటరుకు 45 మి.గ్రా. కంటే తగ్గితే వెంటనే పాలు, లేదా 40 శాతం డెక్స్‌ట్రోజ్ జెల్ కిలోకు అర మిల్లీలీటరు బుగ్గలోపల రాసి పాలు. అప్పటికీ ఎక్కకపోయినా, వణుకు, మగత లాంటివి కనిపించినా నరం ద్వారా గ్లూకోజ్. ఇలాంటి బిడ్డల్లో కొందరికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరుతూనే ఉంటుంది, అది వారాల దాకా సాగవచ్చు. మూడు రోజులు దాటినా చక్కెర నిలవకపోతే రక్తంలో ఇన్సులిన్ చూడమని అడగాలి.

ఇప్పుడు జనవరి. బెంగళూరులో తెల్లవారుజామున 15 డిగ్రీలకు పడుతోంది. చలికి బిడ్డ తిన్నదంతా ఒంటిని వేడి చేసుకోవడానికే ఖర్చవుతుంది, బరువు ఎక్కదు. 2,500 గ్రాములు దాటేదాకా కంగారూ పద్ధతిలో ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ముల మధ్య పడుకోబెట్టుకోండి. రోజుకు ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు, నాన్న కూడా చేయవచ్చు. టోపీ, సాక్సులు. చంక కింద ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 మధ్య ఉండాలి. పొద్దున్నే తలంటి, సాంబ్రాణి పొగ ఈ పిల్లలకు వద్దు. పొగ ఊపిరితిత్తులకు చేటు, తడి తల ఒళ్లు చల్లబరుస్తుంది.

గణాంకం · జనవరి 6, రాత్రి 9:15

రెండో ప్రశ్నకు వద్దాం. షుగరు, బీపీ.

ఈ ఆలోచనకు పునాది ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ రికార్డులు. 1911 నుంచి అక్కడ ఆరోగ్య సందర్శకులు ప్రతి బిడ్డ పుట్టుక బరువు, ఏడాది బరువు పుస్తకంలో రాసిపెట్టారు. డేవిడ్ బార్కర్ బృందం 1989లో ఆ పిల్లలు పెద్దవాళ్లై ఎలా చనిపోయారో చూసింది. ఏడాది వయసుకు 18 పౌండ్లు (దాదాపు 8.2 కిలోలు) లేదా అంతకంటే తక్కువ ఉన్న మగపిల్లల్లో గుండెజబ్బు మరణాలు అందరికంటే ఎక్కువ. ఈ మాట చాలామంది మరచిపోతారు. అక్కడ ముప్పు తెచ్చింది మొదటి ఏడాదిలో ఎక్కువ పెరగడం కాదు, తక్కువ పెరగడం.

1992లో హేల్స్, బార్కర్ "పొదుపు దేహం" అనే వివరణ ఇచ్చారు. కడుపులో ఆహారం తక్కువైతే శరీరం తక్కువతో బతకడానికి సర్దుకుంటుంది. క్లోమంలో ఇన్సులిన్ ఊరే కణాలు, కండ, కిడ్నీలో వడపోత గుళికలు అన్నీ తక్కువగా తయారవుతాయి. కిడ్నీ గుళికలు దాదాపు 36 వారాలకే పూర్తి, ఆ తర్వాత కొత్తవి పుట్టవు. అలా పొదుపుకు సిద్ధమైన ఒంటికి తర్వాత తిండి ఎక్కువ, కదలిక తక్కువ దొరికితే ఇబ్బంది మొదలవుతుంది.

మనకు దగ్గరి సాక్ష్యం పుణె, ఢిల్లీ, మైసూరుల నుంచి ఉంది. పుణె పరిసర పల్లెల్లో యాజ్ఞిక్ బృందం కొలిచిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ, పొట్ట అవయవాలు బాగా తక్కువ, వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు. న్యూఢిల్లీ జన్మ సమూహ అధ్యయనం (2004) 26 నుంచి 32 ఏళ్ల 1,492 మందిని పరీక్షించింది. షుగరు లేదా దాని ముందు దశ వచ్చినవాళ్లు రెండేళ్ల దాకా సన్నగా ఉండి, ఆ తర్వాత తమ తోటివాళ్ల కంటే వేగంగా బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు కొలత) పెరిగినవాళ్లు. పన్నెండేళ్లప్పుడు వాళ్లలో ఎవరూ ఊబకాయులు కారు. అంటే కంటికి లావుగా కనపడకపోయినా తన గీత దాటి ఎక్కడమే గుర్తు.

కాబట్టి ఏ వయసులో, ఏది పెరిగింది అన్నదే అసలు విషయం. రెండేళ్ల లోపు పొడవు, తల, కండ పెరగడం మేలు. రెండేళ్ల తర్వాత పొడవుతో పొంతన లేకుండా బరువు ఎక్కడం చేటు.

అనంతపురం_నుంచి · జనవరి 6, రాత్రి 9:48

అయితే ఎక్కువ శక్తి ఉండే ప్రత్యేక పోతపాల పొడి గురించి? తక్కువ బరువు పిల్లలకని అమ్ముతున్నారు.

శిశువైద్యం_కెఆర్‌పురం · జనవరి 7, ఉదయం 7:35

అది నెలలు నిండక పుట్టిన చిన్న బిడ్డలకు, వైద్యుడి చీటీ మీద. నెలలు నిండి సన్నగా పుట్టిన బిడ్డకు వద్దు. ఇంగ్లండులో సింఘాల్ బృందం ఇలాంటి బిడ్డలకే తొమ్మిది నెలలు మామూలు పొడి, ప్రోటీన్ పెంచిన పొడి విడివిడిగా ఇచ్చి చూసింది. ప్రోటీన్ పెంచిన పొడి తాగినవాళ్లు వేగంగా బరువెక్కారు, 6 నుంచి 8 ఏళ్లకు వాళ్ల కింది బీపీ ఎక్కువగా ఉంది (2007), కొవ్వూ ఎక్కువే (2010). తల్లిపాల్లో ప్రోటీన్ తక్కువ, కాబట్టి ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్లు అంతగా ఉరకవు.

గణాంకం · జనవరి 7, ఉదయం 8:20

డాక్టర్ గారితో ఒక చోట విభేదిస్తాను. ఆ ఫలితం ప్రోటీన్ పెంచిన పొడికి సంబంధించింది, బాగా తిండి దొరికే దేశంలోది. దాన్ని పట్టుకుని ఇక్కడ పాలు నిజంగా చాలని బిడ్డకు కూడా ఏమీ కలపకుండా కూర్చోవడం ప్రమాదం. మొదటి ఏడాదిలో తల, పొడవు పెరగకపోతే మెదడుకు నష్టం, అది తర్వాత పూడదు. షుగరు ముప్పును తర్వాత తగ్గించుకునే అవకాశం ఉంది.

శిశువైద్యం_కెఆర్‌పురం · జనవరి 7, ఉదయం 8:55

అది నిజం, నా మాట అసంపూర్తిగా ఉంది. వరుసగా రెండు వారాలు రోజుకు 20 గ్రాముల లోపే పెరిగి, పాలసలహా గారు చెప్పిన పద్ధతులన్నీ చేసినా మారకపోతే ముందు తల్లి పిండిన పాలు, ఆ తర్వాత మామూలు మొదటి దశ పొడి. రోజు మొత్తం పాలు కిలోకు 150 మి.లీ. లెక్కన చూడండి: 3.6 కిలోలకు 540. లోటు ఎంతో అంతే కలపాలి, రొమ్ము పట్టిన తర్వాతే.

కలిపే పద్ధతిలోనే ఎక్కువ పొరపాట్లు. మరిగించిన నీళ్లు ముందు కొలిచి పోయాలి, 30 మి.లీ.కి ఒక సమాన చెమ్చా (డబ్బాలోదే, పైన చాకుతో గీసి). పొడి వేసి పైన నీళ్లు నింపితే చిక్కనవుతుంది, కిడ్నీ మీద భారం. రెండు రోజులు ఎక్కువ రావాలని పలుచన చేస్తే బరువు ఆగుతుంది. నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకముందే పొడి కలపాలి, ఎందుకంటే డబ్బాలోని పొడి స్టెరిలైజ్ చేసింది కాదు. తర్వాత చల్లార్చి పట్టండి. ఇక్కడ ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు వాడే ఇళ్లలో మరిగించడం మానొద్దు. ఫిల్టరు ఉన్నా సరే.

మందులచీటీ · జనవరి 7, ఉదయం 10:10

ఇనుము, విటమిన్ డి ఎవరూ రాయలేదు.

తక్కువ బరువు బిడ్డకు తల్లి నుంచి వచ్చే ఇనుము నిల్వ తక్కువ, పైగా వేగంగా పెరిగేకొద్దీ రక్తం పెరగాలి కాబట్టి నిల్వ ముందే అయిపోతుంది. 1,500 నుంచి 2,500 గ్రాముల మధ్య పుట్టినవాళ్లకు సాధారణంగా 6-8 వారాలకు కిలోకు రోజుకు 2 మి.గ్రా. మొదలుపెడతారు, అంతకంటే చిన్న బిడ్డకు ఇంకా ముందే. స్వీడన్‌లో 2,000-2,500 గ్రాముల పిల్లలకు 6 వారాల నుంచి 6 నెలల దాకా ఇలా ఇస్తే రక్తహీనత తగ్గడమే కాక మూడున్నరేళ్లకు ప్రవర్తన సమస్యలు కూడా తగ్గాయి.

మీ పాపకు 3.6 రెట్లు 2, అంటే 7.2 మి.గ్రా. ఇక్కడే తప్పు జరుగుతుంది. కొన్ని చుక్కల మందుల్లో ఒక మి.లీ.కి 10 మి.గ్రా. ఇనుము, కొన్నింట్లో 25. మొదటిదైతే 0.7 మి.లీ., రెండోదైతే 0.3 మి.లీ. లేబుల్ మీద "ఎలిమెంటల్ ఐరన్" అన్న మాట ఎదురుగా ఉన్న అంకె చూడండి, పైన పెద్దక్షరాల్లో ఉన్న లవణం బరువు కాదు. దుకాణంలో వేరే కంపెనీది ఇచ్చారంటే మి.లీ. లెక్క మళ్లీ వేయాలి. మలం నల్లబడుతుంది, భయపడక్కర్లేదు.

విటమిన్ డి రోజుకు 400 యూనిట్లు, మొదటి ఏడాది పొడవునా. మన దుకాణాల్లో మి.లీ.కి 400 ఉన్నవీ, 800 ఉన్నవీ ఒకేలాంటి డబ్బాల్లో వస్తాయి. రెండోదైతే అర మి.లీ. మాత్రమే. ఢిల్లీలో నెలలు నిండి తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు వారానికి 1,400 యూనిట్లు ఇచ్చిన పరిశోధనలో (2011) ఆరు నెలలకు పొడవు, బరువు మెరుగయ్యాయి. గ్రైప్ వాటర్, ఆకలి పెంచే టానిక్, ఉగ్గులో తేనె, వసకొమ్ము – ఏదీ వద్దు. తేనెలో బొటులిజం (కండరాలను చచ్చుబరిచే జబ్బు) బీజాలుంటాయి, ఏడాది లోపు నాకించకూడదు.

సర్జాపుర_నాన్న · జనవరి 7, మధ్యాహ్నం 1:20

ఆరు నెలల తర్వాత రాగి జావ మంచిదేనా? బెంగళూరులో అందరూ అదే మొదలుపెడతారు.

పోషణ_లెక్క · జనవరి 7, సాయంత్రం 4:05

రాగి మంచిదే. పలుచని జావ మంచిది కాదు. లెక్క చూడండి. 10 గ్రాముల రాగిపిండి 150 మి.లీ. నీళ్లలో కాచితే గ్లాసు నిండా 32 కేలరీలు. అదే 150 మి.లీ. తల్లిపాలలో దాదాపు 100 కేలరీలు, మంచి కొవ్వు. ఆరు నెలల బిడ్డ కడుపు పట్టేదే కిలోకు 30 మి.లీ. కడుపు జావతో నిండితే పాలు తాగదు, అంటే తినిపించి మరీ పస్తు పెట్టినట్టు. 6-8 నెలల్లో తల్లిపాలు కాక రోజుకు 200 కేలరీలు, 9-11 నెలల్లో 300, ఏడాది దాటాక 550 తిండి నుంచి రావాలి.

20 గ్రాముల బియ్యం, 10 గ్రాముల పెసరపప్పు మెత్తగా ఉడికించి, చిన్న చెమ్చా (5 గ్రా.) నెయ్యి కలిపితే 150 కేలరీలు, 4 గ్రాముల ప్రోటీన్. గరిటె వంచితే జారి పడకుండా ఉండాలి, అదీ చిక్కదనం గుర్తు. రాగి వాడాలనుకుంటే మొలకెత్తించండి. పూట నానబెట్టి, తడి గుడ్డలో రోజున్నర మూట కట్టి, మొలకలు కనిపించాక నీడన ఆరబెట్టి, వేళ్లు నలిపి తీసి విసరండి. మొలకలో పుట్టే అమైలేజ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది. చిక్కగా కాచిన సంకటిలో ఈ పిండి ఒక చెమ్చా, గోరువెచ్చన కంటే కాస్త వేడిగా ఉన్నప్పుడు కలిపితే నాలుగైదు నిమిషాల్లో నీళ్లు పోయకుండానే పలుచబడుతుంది. కేలరీలు అలాగే ఉంటాయి, మింగడం సులువు. తర్వాత ఒక పొంగు రానిచ్చి దించండి. మొలకలను దోరగా కాక ఎర్రగా వేయించితే అమైలేజ్ చచ్చిపోతుంది, ఇక అది మామూలు పిండే. ఇక్కడ దుకాణాల్లో దొరికే రాగి సరి పిండి చాలావరకు బాగా వేయించినదే, కాబట్టి ఆ పని చేయదు.

రాగిలో కాల్షియం 100 గ్రాములకు 340 మి.గ్రా. పైనే ఉన్నా ఇనుమును ఫైటేట్ (గింజల్లో ఉండే పదార్థం) ఒంటికి పట్టకుండా పట్టేస్తుంది. మొలకెత్తిస్తే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది, ఉసిరి లేదా నిమ్మ పిండితే ఇంకొంత. ఏడో నెల నుంచి గుడ్డు, తినేవాళ్లైతే మెత్తగా ఉడికిన చేప, కాలేయం. రెండేళ్ల దాకా చక్కెర, బిస్కెట్, పండ్ల రసం, "హెల్త్ డ్రింక్" పొడులు వద్దు. సన్నగా పుట్టిన బిడ్డ అని జాలితో ఎక్కువ పెట్టేది సరిగ్గా ఇవే. పొడవుకు పనికొచ్చేది ప్రోటీన్, జింకు. బిస్కెట్‌తో పెరిగేది నడుం.

హార్మోన్_క్లినిక్ · జనవరి 8, ఉదయం 6:50

ఎంత కాలం ఎదురుచూడాలన్నది ఎవరూ చెప్పలేదు. సన్నగా పుట్టిన పిల్లల్లో 85 నుంచి 90 శాతం మంది రెండేళ్లకల్లా పొడవులో −2 ఎస్‌డీ పైకి వచ్చేస్తారు, అందులో ఎక్కువ భాగం మొదటి ఆరు నుంచి పన్నెండు నెలల్లోనే. రెండేళ్లకు (నెలలు నిండక పుడితే కాస్త ఆగి) పొడవు ఇంకా −2 కింద ఉంటే పిల్లల ఎండోక్రైన్ వైద్యుడికి చూపించాలి. థైరాయిడ్, సీలియాక్ (గోధుమ పడని జబ్బు), కిడ్నీ లాంటివి తీసేసి చూశాక గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ గురించి మాట్లాడతారు. అమెరికాలో రెండేళ్ల నుంచి (2001), యూరప్‌లో నాలుగేళ్ల నుంచి (2003) అనుమతి. తల ఒంటితో పోలిస్తే పెద్దగా, నుదురు ముందుకు, ఒక పక్క చేయి కాలు చిన్నగా, తిండికి మొండికేయడం – ఇవి కలిసి ఉంటే సిల్వర్-రస్సెల్ అనే పుట్టుకతో వచ్చే ఎదుగుదల సమస్య కోసం జన్యు పరీక్ష. ఆ బిడ్డకు బలవంతంగా తినిపిస్తే తేలిగ్గా కొవ్వు పడుతుంది, పొడవు రాదు.

బీపీ మామూలుగా మూడేళ్ల నుంచి చూస్తారు. సన్నగా పుట్టినవాళ్లకు అంతకంటే ముందే, ప్రతి పెద్ద చెకప్‌లోనూ. కుడిచేయి, పాప నెమ్మదిగా ఉన్నప్పుడు, కఫ్ లోపలి సంచి వెడల్పు చేయి చుట్టుకొలతలో కనీసం 40 శాతం. చిన్న కఫ్ వాడితే బీపీ ఎక్కువ చూపించి అనవసర భయం పెడుతుంది. రెండేళ్ల తర్వాత ఆరు నెలలకోసారి బీఎంఐ చుక్క పెట్టండి. మామూలుగా బీఎంఐ 5-7 ఏళ్ల మధ్య అడుగుకు చేరి మళ్లీ ఎక్కుతుంది. మూడు, నాలుగేళ్లకే ఎక్కడం మొదలైతే తిండి, తెర ముందు గంటలు, నిద్ర వెంటనే సరిచేయాలి. మెడ వెనక నల్లని మందపాటి చర్మం, ఎనిమిదేళ్ల లోపే చంకల్లో వెంట్రుకలు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తులు కావచ్చు. అలాంటివి లేకుండా చిన్నపిల్లలకు ఊరికే షుగరు, ఇన్సులిన్ పరీక్షలు వద్దు. బరువు ఎక్కువై ఉంటే పదేళ్లకు, లేదా యుక్తవయసు మొదలవగానే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష).

అనంతపురం_నుంచి · జనవరి 8, ఉదయం 9:30

తర్వాతి కాన్పులో మళ్లీ ఇలా కాకుండా ఏమైనా ఉందా?

శిశువైద్యం_కెఆర్‌పురం · జనవరి 8, మధ్యాహ్నం 1:45

ఉంది, కాన్పు డాక్టరుతో ముందే మాట్లాడాలి. కాన్పు తర్వాత గర్భానికి కనీసం 18 నెలల ఎడం. మాయ సమస్య వల్ల బిడ్డ ఎదగకపోయిన తల్లికి 16 వారాల లోపే రాత్రిపూట తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇవ్వడం సాధారణం, ఎవరికి, ఎంత అన్నది కాన్పు డాక్టరే నిర్ణయిస్తారు. మూడో త్రైమాసికంలో బొడ్డుతాడు డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్). శాకాహారులైతే బీ12 చూపించుకోండి. ఇక్కడి సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు తల్లిలో బీ12 తక్కువ ఉండటానికీ గర్భంలో ఎదుగుదల తగ్గడానికీ సంబంధం చూపించారు. పుణెలో బీ12 తక్కువగా, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ నిరోధం (ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం) ఎక్కువ కనిపించింది. ఫోలిక్ యాసిడ్ మానమని కాదు, బీ12 కూడా చూసుకోమని.

అనంతపురం_నుంచి · ఫిబ్రవరి 3, రాత్రి 8:05

12 వారాలు. ఇన్ఫాంటోమీటరుతో ఇద్దరు కలిసి కొలిచారు. బరువు 4,420, పొడవు 57, తల 38.5. తల్లిపాలే. విటమిన్ డి 400, ఇనుము 0.7 మి.లీ. (10 మి.గ్రా. రకం).

శిశువైద్యం_కెఆర్‌పురం · ఫిబ్రవరి 3, రాత్రి 9:20

28 రోజుల్లో 820 గ్రాములు, రోజుకు 29. పొడవు −2 వైపు జారకుండా −1 దగ్గరకు తిరిగి వచ్చింది, తల తన గీత మీదే ఉంది. పొడవుకు తగ్గ బరువు −2 నుంచి దాదాపు −1.6కి ఎక్కింది. మూడు కొలతలూ కలిసి ఎక్కుతున్నాయి. ఏమీ మార్చొద్దు. మళ్లీ నెల తర్వాత కొలవండి.

మందులచీటీ · ఫిబ్రవరి 3, రాత్రి 9:41

ఒక్కటి మార్చాలి. బరువు 4.4 అయింది కాబట్టి ఇనుము 8.8 మి.గ్రా., అంటే అదే మందు రేపటి నుంచి 0.9 మి.లీ. మీ డాక్టరుతో ఒకసారి చెప్పి చీటీ మీద కొత్త అంకె రాయించుకోండి.